జట్టులో లేనివాడు

ఫెర్మిన్ గుడియాత్తానికి వచ్చింది 1923లో. స్పెయిన్ దేశపు ఉత్తర తీరాన ఒక రేవు ఊరు ఆయనది. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు ఆరేళ్ళు శిక్షకుడిగా ఉండి, ఒకనాడు ఆ పని వదిలేసి తోళ్ళ కంపెనీలో చేరాడు. మండీల్లో తోళ్ళను తడిమి చూసి, మేలురకానివి ఏరి ఓడకు పంపడం ఇక్కడ ఆయన ఉద్యోగం. ఆట ఎందుకు వదిలేశావని ఎవరూ అడగలేదు. వేలూరు దాకా వెతికినా ఆయన భాష తెలిసినవాడు లేడు. అక్కడి ఇంగ్లీషు దొరలు ఎదురుపడితే తలవంచి, తోళ్ళ వాసనకు కొంచెం జరిగి వెళ్ళిపోయేవారు.

ఒక ఆదివారం సాయంత్రం ఏటి ఇసకలో తాపీపనివాళ్ళు బంతి ఆడుతుంటే చూశాడు. అందరూ బంతి వెనకే గుంపుగా పరిగెడుతున్నారు. ఒక్కడు మాత్రం దూరంగా, బంతి ఎక్కడికి రాబోతుందో అక్కడ నిలబడి ఉన్నాడు. అతని పేరు అంకప్ప. ఫెర్మిన్ బూట్లు విప్పి ఇసకలోకి దిగాడు. పదకొండు గులకరాళ్ళు పేర్చి ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించాడు. అలా జట్టు మొదలైంది: ఆరుగురు తాపీపనివాళ్ళు, ఐదుగురు మండీ కూలీలు. అంకప్ప నాయకుడు.

ఆదివారాలు ఆట అయ్యాక అంకప్ప ఆయన్ను ఇంటికి తీసుకుపోయేవాడు. భార్య కాళియమ్మ సంగటి, ఎండుచేపల పులుసు పెట్టేది.

“ఇంకొంచెం యేసుకోండి దొరా. మీ ఊర్లో మీకు వండిపెట్టేవాళ్ళు ఎవురుండారు?”

“ఎవరూ లేదు,” అనేవాడు ఫెర్మిన్. తెలుగు ఆ ఇంట్లోనే నేర్చుకున్నాడు. వారంలో ఆయన ఇంకొకరి పక్కన కూర్చుని తినేది ఆ ఒక్క పూటే.

మూడేళ్ళు గడిచాయి. అంకప్ప గోడ కడుతూ సారువ కొయ్యల మీంచి జారి పడ్డాడు. మోకాలు వాచి తగ్గింది కానీ, పరుగు మునుపటిలా లేదు. ఆ ఏడే జట్టు వేలూరు పోటీల్లో చివరి ఆటదాకా వచ్చింది. ముందురోజు ఫెర్మిన్ అంకప్ప ఇంట్లో తిన్నాడు. ఏమీ చెప్పలేదు.

మర్నాడు కోట మైదానంలో జనం ముందు పేర్లు చదివాడు. పదకొండు పేర్లు. అంకప్ప పేరు లేదు. దానికి బదులు జట్టులో కొత్తగా చేరిన కుర్రాడు మునియప్ప పేరు ఉంది. అంకప్ప ఒక క్షణం నిలబడి, పసుపురంగు బనీను విప్పి, మడిచి మునియప్ప చేతిలో పెట్టి, అగడ్త పక్కగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

జట్టు రెండు గోల్స్‌తో గెలిచింది. మునియప్పే రెండూ కొట్టాడు. ఫెర్మిన్ మెడలో పూలదండ వేశారు. ఆయన దాంతోనే అంకప్ప ఇంటికి వెళ్ళాడు. కాళియమ్మ గడపలో అడ్డంగా నిలబడింది.

“మా ఆయన జోలార్పేట పోయినాడు. రైలోళ్ళు గోడౌను కడతా ఉండారంట. ఎప్పుడొస్తాడో నాకూ చెప్పలే.”

లోపలికి రమ్మనలేదు.

మూడు వారాలు ఆగి ఫెర్మిన్ జోలార్పేటకు రైలెక్కాడు. అంకప్ప గోడ మీద ఇటుక పేరుస్తున్నాడు. తల తిప్పలేదు.

“మోకాలు బాగా లేదు. అందుకే,” అన్నాడు ఫెర్మిన్.

“నా మోకాలు నాకు తెలీదా దొరా? మెట్టెక్కితే లోపల కత్తి పెట్టి తిప్పినట్టుంటాది. ముందుదినం మా ఇంట్లోనే కదా సంగటి తిన్నారు? అప్పుడొక మాట చెప్పుంటే నేనే బనీను తీసకపోయి వానికి ఇచ్చుందును. మీరు గమ్మున తిని పోయినారు. అంతమంది ముందర నిలబెట్టినారు.”

ఫెర్మిన్ ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. తరవాత తనకు వచ్చిన కొద్ది మాటలతో చెప్పాడు. “నా తమ్ముడు. వాడు కూడా ఆట. వాని పేరు నేను తీసేశాను. చెప్పలేదు. గోడ మీద కాగితం పెట్టాను. వాడు అందరితో నిలబడి చదివాడు.”

అంకప్ప చేతిలో సున్నం పరిచే కరిణి ఆగింది. “ఇప్పుడు మాట్లాడతాడా?”

“లేదు. ఎనిమిది సంవత్సరం.”

అంకప్ప ఆయన వంక చూశాడు. మళ్ళీ సున్నం తీసి ఇటుక మీద పరిచాడు.

“కుండలో నీళ్ళుండాయి, తాగి పోండి. రైలు మూడింటికి. నేను ఇంక ఆటకు రాను దొరా.”

ఆ వారమే ఫెర్మిన్ తమ్ముడికి ఉత్తరం రాశాడు. సంవత్సరం గడిచినా జవాబు రాలేదు. అంకప్ప జోలార్పేటలోనే ఉండిపోయి, కాళియమ్మనూ అక్కడికే పిలిపించుకున్నాడు.

మరుసటి ఏడు జట్టు మళ్ళీ వేలూరు చివరి ఆటకు వెళ్ళింది. ఆ నెలలోనే మునియప్పకు విషజ్వరం వచ్చి తగ్గింది. నడిస్తేనే ఆయాసం. ఆటకు రెండురోజుల ముందు ఫెర్మిన్ వాళ్ళ ఇంటికి వెళ్ళి, వాకిట్లో నిలబడి చెప్పాడు.

“మునియప్పా, ఈసారి నువ్వు లేదు. నేనే చెప్పాలని వచ్చాను.”

మునియప్ప ముఖం ఎర్రబడింది. “రెండు గోల్ కొట్టింది ఎవురు దొరా? అంకప్పకి చేసిందే నాకూనా?” అని తలుపు వేసుకున్నాడు.

లోపల వాళ్ళమ్మ చిన్నపొన్ను, “ఎవురు నాయనా వచ్చింది?” అని అడగడం వినిపించింది.

“ఎవురూ లేరు మా.”

ఫెర్మిన్ ఇంకాసేపు అక్కడే ఉండి బస దారి పట్టాడు.

ఆటరోజు పొద్దున మునియప్ప స్టేషనుకు వచ్చాడు. ఫెర్మిన్‌ను పలకరించలేదు. మైదానంలో గీత పక్కన గొంతుక్కూర్చుని, గొంతు పోయేదాకా తనవాళ్ళకు కేకలు వేశాడు. జట్టు ఒక్క గోల్‌తో ఓడిపోయింది. తిరుగురైల్లో ఆటగాళ్ళంతా మునియప్పను నడుమ కూర్చోబెట్టుకుని, ఓటమి గురించి ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వుకుంటున్నారు. ఫెర్మిన్ అదే పెట్టెలో చివరి కిటికీ దగ్గర ఒక్కడే కూర్చుని, వాళ్ళ మాటలు అర్థమైనంత వరకు వింటూ విరించిపురం స్టేషను దాటాడు.