ఏడే ఎక్కువ పడుతుంది

ఆట నేర్పారు గాని పాచికలు ఇవ్వలేదు. అందుకని పుష్పలత పాత హవాయి చెప్పులు తీసి, వంటింటి కత్తితో నలుచదరపు ముక్కలు కోసి, పెన్నుతో చుక్కలు పెట్టింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఆ కత్తితో తరిగిన కూర నేను ముట్టను," అంది. పుష్పలత కత్తిని వేడినీళ్ళతో కడిగి, మర్నాడు దాంతోనే బీరకాయలు తరిగింది. అత్తగారు రెండుసార్లు వడ్డించుకుంది.

ఏలూరు ట్రైనింగులో చూపించిన ఆట అది. రెండు పాచికలు వెయ్యాలి, పడ్డ చుక్కలు కూడాలి, ముందు చెప్పినవాళ్ళది గెలుపు. గుండుగొలను నుంచి ఆటోలో కొల్లేటి వైపు వెళ్తే గట్టు కింద రెండు గదుల బడి. ఒక గది హెడ్మాస్టరు ఎలీయాజరు గారిది, రెండోది విద్యా వాలంటీరు పుష్పలతది. కొబ్బరిచిప్పలో వేసి ఊపితే చెప్పు ముక్కలు చప్పుడు చెయ్యవు. ఆ లోటు పిల్లలు తీర్చేవారు.

"ఏవండీ పుష్పలత గారూ, జాతర ఇంకా దూరముందిగా. అప్పుడే పందేల వాళ్ళలా గుండాట బల్ల పరిచేశారేంటి?" అన్నారు ఎలీయాజరు గారు, గుమ్మంలోంచి తొంగిచూసి.

"మీరూ ఒక చెయ్యి వెయ్యండి మాస్టారూ. ఓడిపోతే పదమూడో ఎక్కం చెప్పాలి."

"అమ్మో, నా బతుకు బయట పెట్టకండి," అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

మూడో తరగతిలో అందరికంటే పొడుగు మానస. పదేళ్ళది. తండ్రి విశ్వాసం చేపల చెరువుల మీద కాపలా పనికి ఊళ్ళు మారుతుంటే వెంట మారింది. ప్రభుత్వం ఆ చెరువుల గట్లు కొట్టించేశాక వాళ్ళు ఈ ఊళ్ళో ఆగారు. విశ్వాసం సైకిలు మీద చేపలు అమ్ముకుంటున్నాడు, తల్లి సరోజ రొయ్యల షెడ్డుకి వెళ్తోంది. అలా ఆ పిల్ల ఆలస్యంగా బడిలో పడింది. చిన్నపిల్లల మధ్య కూర్చోవడమే సిగ్గు ఆమెకి. ఏమడిగినా తల దించుకునేది. పాచికలు వచ్చాక తల ఎత్తింది. చలికాలం వచ్చేసరికి ముక్కలు నేలమీద ఆగీ ఆగకముందే "ఎనిమిదండి," "పదకొండండి," అనేది. కూడుతున్నట్టే ఉండేది కాదు, చూస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు తనంతట తనే లేచి నిలబడింది. "మేడమండీ, ఏడే ఎక్కువ పడతందండి."

పుష్పలతకి ఒళ్ళు ఝల్లుమంది. ట్రైనింగులో ఇంత దూరం ఎవరూ రాలేదు. "నిజమో కాదో రాసి చూద్దాం," అంది. పడిన ప్రతిసారీ నల్లబల్ల మీద ఆ అంకె కింద ఒక గీత గీయించింది. వారం తిరిగేసరికి ఏడు కింద గీతలు గుబురుగా పెరిగాయి. పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించి, బల్లమీద పైన పెద్ద అక్షరాలతో రాసింది: ఏడే ఎక్కువ పడుతుంది. మానస కనిపెట్టింది.

అలా ఎందుకు పడుతుందో తర్వాతి వారం చెబుదామనుకుంది. ఆ వారం పల్స్ పోలియో డ్యూటీ వేశారు. ఆ తర్వాత జాతర సెలవులు వచ్చాయి.

బడి తెరిచిన రోజు మానస రాలేదు. మానస పక్కన కూర్చునే బ్లెస్సీని పుష్పలత అడిగింది.

"షెడ్డుకెళ్ళిందండి, రొయ్యల తలకాయలు తియ్యడానికి. వాళ్ళ నాన్న సైకిలు జాతరలో పందెంలో పోయిందండి. ఇంక చేపలమ్మడానికి లేదండి." అంది బ్లెస్సీ. "ఏడు మీద కాసేడంటండి. మీరే చెప్పేరంట కదండీ."

సాయంత్రం పుష్పలత వాళ్ళింటికి వెళ్ళేసరికి షెడ్డు ఆటో అప్పుడే దింపి వెళ్ళింది. తల్లీకూతుళ్ళు పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు. మానస వేళ్ళ కొసలు తెల్లగా నాని ఉన్నాయి. విశ్వాసం మంచం మీంచి గబుక్కున లేచి, "రండి మేడం గారూ," అని కుర్చీ వేశాడు.

"కూచోండి," అంది సరోజ. "మా పిల్లకి చదువు బాగా వచ్చేసిందండి. అదీ, ఆళ్ళ నాన్నా ఇద్దరూ చదివేసేరు."

"సరోజా, నేను చెప్పింది అందుకు కాదు."

"తెలుసండి. ఇన్నాళ్ళూ ఆయన గుండాటలో బొమ్మల మీద కాసేవోడు. చేతిలో చిల్లర పోయేది, ఇంటికొచ్చి పడుకునేవోడు. తనకి అదృష్టం లేదనుకునేవోడు. ఈసారి అంకెల బల్లకాడ కూచున్నాడు, లెక్కుందిగా అండి. టీచరు గారు బోర్డు మీద రాసేరని కూతురు చెప్పింది. చిల్లరైపోయినా లేవలేదు. ఇంకో ఆటకి పడతది, ఇంకో ఆటకి పడతది అని సైకిలు పెట్టేసేడు."

విశ్వాసం సిగ్గుపడలేదు. అతనికి నిజంగానే అనుమానంగా ఉంది. "మేడం గారూ, ఎక్కువ పడాలి కదండీ. ఎందుకు పడలేదంటారు? ఆడు పాచికల్లో ఏవన్నా పెట్టేడంటారా?"

పుష్పలత పుల్ల తీసుకుని నేలమీద గళ్ళు గీసింది. ఏడు ఎన్ని రకాలుగా పడుతుందో, మిగతావి ఎన్ని రకాలుగా పడతాయో ఒక్కొక్కటీ రాసింది. "ఏ ఒక్క అంకెతో పోల్చినా ఏడు ఎక్కువే. కాని ఆ బల్ల మీద ఏడుకి పోటీ ఒక్క అంకె కాదండీ. ఏడు లోపువన్నీ ఒక గడి, ఏడు పైవన్నీ ఇంకో గడి. మొత్తం ముప్ఫై ఆరు రకాల్లో ఏడుకి ఆరే."

"అయితే కింద పదిహేను, పైన పదిహేనండి," అంది మానస వెనకనుంచి.

అంత బాగా పాఠం చెప్పడం పుష్పలతకి ఎప్పుడూ కుదరలేదు. ఉన్న చోటు మరిచి నవ్వింది కూడా.

"అదన్నమాట," అన్నాడు విశ్వాసం. మొహం విప్పారింది. "ఏడు వదిలేసి కిందా పైనా కాయాలి. ముప్ఫై మనవేనండి. వచ్చేవారం ముదినేపల్లి వైపు జాతరుంది."

"కాదు విశ్వాసం గారూ, రెండూ కాస్తే ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. ఏడు పడితే రెండూ పోతాయి."

అతను వినడం లేదు. "అమ్మా మానసా, ఈసారి నువ్వు నా పక్కన కూచో. నువ్వైతే టక్కుమని చెబుతావు."

సరోజ వచ్చి నేలమీది గళ్ళు కాలితో చెరిపేసింది. గొంతు పెంచలేదు. "చూసేరుగా మేడం గారూ. ఇది నాతో షెడ్డుకొస్తే నా కళ్ళముందు ఉంటది. మీ దగ్గరకొస్తే లెక్కలొస్తాయి. లెక్కలొస్తే ఈయన దీన్ని బల్లకాడ కూచోబెడతాడు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."



"దాని మాటలకేంగాని," అన్నాడు విశ్వాసం కూతురితో, "నాలుగూ అయిదూ పడ్డాయనుకో. కిందా, పైనా? చెప్పు."

మానస తల్లి వంక చూసింది. "నాకు రాదు నాన్నా."

"అదేంటే, ఇప్పుడేగా చెప్పేవు?"

"రాదు."

విశ్వాసం పుష్పలత వైపు తిరిగాడు. ఊరంతటికీ ఆ పిల్లకి లెక్కలు వచ్చని చెప్పిన మనిషి ఆమే.

"రాదండీ," అంది పుష్పలత. "బడిలో కూడా నేనే పక్కనుంచి అందించేదాన్ని. పిల్లకి కాస్త ఉత్సాహంగా ఉంటుందని దాని పేరు రాశాను. మీ అమ్మాయి లెక్కల్లో మొద్దు."

మానస చటుక్కున తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. విశ్వాసం ఆసక్తి పోయినవాడిలా వెళ్ళి మంచం మీద వాలాడు. సరోజ పక్కకి జరిగి పుష్పలతకి దారి ఇచ్చింది.

"పొద్దున్న ఆటో ఆరింటికే వస్తది," అంది కూతురితో. "అన్నం తిని పడుకో."