జూలైలో సొన మచ్చ

ముసునూరు చుట్టుపక్కల తోటల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎవరి మొహాన మచ్చ కనిపించినా ఎందుకొచ్చిందని అడగరు. తొడిమ విరిగిన మామిడికాయలోంచి చిమ్మే సొన అలాంటిది. పడ్డ చోట చర్మం కాలి నల్లబడుతుంది. అందుకే లేయా గడ్డం మీద ఎర్రగా లేచినవాటిని కూడా మామిడి షెడ్డులో తనతోపాటు కాయలు ఏరే ఆడవాళ్లు ఆ ఖాతాలోనే వేసేశారు. "సొన పడిందా?" అన్నారు. లేయా తలూపింది. నలభై ఆరేళ్ల మనిషి మొటిమలొచ్చాయని చెప్పుకుంటే నవ్విపోరూ?

మరి అవి మొటిమలే. పదహారేళ్లప్పుడు ఒక్కటీ రాని మొహం అది. ఇప్పుడు, నెలసరి ఒక నెల వచ్చి రెండు నెలలు మానేస్తున్న రోజుల్లో, గడ్డం మీదా దవడ అంచునా బయలుదేరాయి. పైకి తల కనిపించదు, లోపలే రేగుగింజల్లా గట్టిగా కూర్చుంటాయి. దిండు తగిలితే నొప్పి, అన్నం నమిలితే నొప్పి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది లేయానే. నోరు బాగా తెరిస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు.

రెండిళ్ల అవతల ఉండే మంగమ్మ మాత్రం చూసి ఊరుకునే రకం కాదు. సొన దెబ్బకు ఆవిడ కాచే నూనెకు ఊళ్లో పేరుంది. కొబ్బరినూనెలో పసుపూ ఇంకా ఏవేవో ఆకులూ వేస్తుంది. ఏం ఆకులో కన్న కొడుకు గోపికి కూడా చెప్పదు. మోకాళ్లు పట్టేసి తోట పనులు మానేశాక ఆవిడకు ఈ వైద్యం ఒక్కటే మిగిలింది. మనవరాళ్ల తలకు నూనె రాద్దామన్నా ఈ కాలం పిల్లలు దగ్గరకు రానివ్వరు, షాంపూ వాసన పోతుందంటారు.

అలా సాయంత్రం అయిదున్నరకల్లా మంగమ్మ చిన్న గిన్నె పట్టుకుని వచ్చేది. లేయాను మెట్టు మీద కూర్చోబెట్టి, ఎడం చేత్తో గడ్డం పట్టుకుని, కుడి బొటనవేలితో నూనె రాసేది. రాస్తూ రాస్తూ కోడల్ని నాలుగు మాటలనేది. లేయా కళ్లు మూసుకునేది. భర్త సవరయ్య పోయి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో ఆమె మొహాన్ని ఇంకో మనిషి చెయ్యి తాకలేదు. పిల్లల్లేరు. క్రిస్మస్‌కి పాస్టరమ్మ చెయ్యి కలుపుతుంది, అంతే.

ఆ నూనె తనకు పడటంలేదని లేయాకు రెండో వారానికే అర్థమైంది. రాసిన చోటల్లా కొత్తది లేస్తోంది. తెలిసి కూడా అయిదింటికే మొహం కడుక్కుని మెట్టు మీదకు చేరేది. మంగమ్మ రావడం పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరిదాకా చూసేది. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

జూలై వచ్చింది. ఆఖరి కాయలు లారీ ఎక్కి షెడ్డుకు తాళం పడింది. "ఇదేంటే లేయా, జూలైలో సొన మచ్చ నేనెప్పుడూ చూళ్లేదు," అంది మంగమ్మ. "నా ఒంటి తీరు అంతేనేమో అక్కా," అని లేయా గడ్డం ముందుకు చాపింది.

ఆ ఆదివారం పాట రెండో చరణంలో నొప్పికి గొంతు ఆగిపోయింది. వెనకనుంచి ఇంకెవరో అందుకున్నారు. నలుగురిలో తనకున్న ఒక్క చోటూ జారిపోతోందని భయం పట్టుకుంది లేయాకు. మర్నాడే బస్సెక్కి నూజివీడు వెళ్లింది.

చర్మం డాక్టరు యోగిత వయసులో చిన్నది. గ్లవ్స్ తొడుక్కుని దవడంతా నొక్కి చూసింది. "మొహానికి ఏం రాస్తున్నారండీ?"

"నూనె."

"ఇది సొన కాదండీ, మొటిమలే. ఈ వయసులో హార్మోన్లు అటూ ఇటూ అవుతాయి. గడ్డం దగ్గర ఇలా లోతుగా, నొప్పిగా వస్తాయి. చాలామందికి వస్తాయి, సిగ్గుపడాల్సిందేం లేదు. గిల్లొద్దు. పడుకోబోయే ముందు ఈ క్రీము బఠాణీ గింజంత తీసుకుని గడ్డమంతా పల్చగా రాయండి. మొదట్లో చర్మం పొడిబారి మండుతుంది, భయపడి మానెయ్యకండి. బీపీ, రక్తపరీక్ష చూసి మాత్ర కూడా ఇస్తాను. మూడు నెలలు ఓపిక పట్టాలి. నూనె మాత్రం ఇవాళ్టితో ఆపెయ్యండి."

"సాయంత్రంపూట ఒక్క చుక్క రాసుకోవచ్చాండీ?" అని అడిగింది లేయా. డాక్టరు నవ్వి చీటీ రాసిచ్చింది.

మంగమ్మకు ఎలా చెప్పాలో బస్సులో దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. తీరా గిన్నె ఎదురుగా వచ్చేసరికి నోట్లోంచి వేరే వచ్చింది. "డాక్టరు నూనె వద్దన్నారక్కా. దీనివల్లే ఎక్కువైందంట." మొదటి మాటతో ఆపితే సరిపోయేది.

మంగమ్మ గిన్నె మీద పమిట కొంగు కప్పింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు రాయించుకున్నావే?"

లేయా చేతిలోని డాక్టరు చీటీని నాలుగు మడతలు పెట్టింది.

"సర్లే. డాక్టర్లకి తెలిసినంత మాకేం తెలుసు," అని మంగమ్మ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

క్రీము డాక్టరు చెప్పినట్టే పనిచేసింది. మొదటి నెల చర్మం పొట్టు రేగింది. మూడో నెలకు నొప్పి పోయింది. క్రిస్మస్ నాటికి గోధుమరంగు మరకలు తప్ప ఏమీ మిగల్లేదు. లేయా మళ్లీ నోరారా పాడింది. మొహం బాగుందని ఒక్కరూ అనలేదు. కుళాయి దగ్గర ఓసారి మంగమ్మ తేరిపార చూసి, "నయమైందే," అని బిందె ఎత్తుకుని నడిచింది. ఆ ఒక్క మాటను లేయా వారం రోజులు నెమరేసుకుంది.

ఏప్రిల్‌లో షెడ్డు తెరిచారు. రెండోరోజే ఒక బంగినపల్లి కాయ తొడిమ లేయా చేతిలో పుటుక్కున విరిగింది. సొన పైకి ఊరింది. అలాంటి కాయను వెంటనే గోనెపట్టా మీద బోర్లించాలి. లేయా బోర్లించలేదు. కాయను గడ్డం దాకా ఎత్తింది. ఒక్క చుక్క చాలు. రేపటికి మచ్చ తేలుతుంది, ఎల్లుండికి మంగమ్మ చెవిన పడుతుంది. సొన మచ్చ అని వింటే ఆవిడ ఎంత అలకలో ఉన్నా గిన్నె పట్టుకుని వచ్చి తీరుతుంది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధని ఎవరైనా తిట్టవచ్చు. తిట్టేవాళ్లు ముందు ఎనిమిదేళ్లు ఎవరి చెయ్యీ సోకకుండా బతికి చూడాలి.

చుక్క జారి మణికట్టు మీద పడింది. చురుక్కుమంది. లేయా కాయను బోర్లించి, చెయ్యి కడుక్కుని, సాయంత్రం దాకా తలెత్తకుండా పనిచేసింది.

అయిదున్నరకు లేయా వెళ్లేసరికి మంగమ్మ తన వాకిట్లో మెట్టు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ముందు లేయా గడ్డం వైపు చూసింది. "మళ్లీ లేచాయా?"

"లేదక్కా, బాగానే ఉంది."

"మరేంటి ఇటొచ్చావు?"

లేయా ఆవిడ కాళ్ల దగ్గర కింది మెట్టు మీద వీపు తిప్పి కూర్చుంది. మొహం కనపడకపోతే చెప్పడం కొంచెం తేలిక. "నూనె పడట్లేదని నాకు ముందే తెలుసక్కా. రాయించుకోకపోతే నువ్వు రావడం మానేస్తావని ఊరుకున్నా. మా ఇంటికి ఇంకెవరూ రారు." ముడి విప్పి జుట్టు వదిలింది. "డాక్టరు మొహానికే వద్దంది. తలకి వద్దనలేదు."

మంగమ్మ చింతపండు పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. గూట్లోంచి గిన్నె దింపిన చప్పుడైంది.

"మొహాన పడకుండా రాస్తాలే," అంది వచ్చి. "కాస్త వంగు."