మూలలు లేని గుడ్డ

1945 ఫిబ్రవరి 12, సోమవారం. ఉదయం ఆరు గంటలకు ఆనందమ్మ కూతురి పెళ్ళి గౌను మీద కప్పిన దుప్పటి తీసింది. గౌనుకు నాలుగు చోట్ల పసుపు ఉంది.

రెండు చేతుల అంచులకు ఒక్కొక్కటి, కింది అంచుకు ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఒక్కోటి అణా బిళ్ళంత. చిందిన పసుపు కాదు, వేలితో పెట్టిన పసుపు. పెళ్ళి పదకొండు గంటలకు.

పెట్టింది ఎవరని ఆనందమ్మ అడగలేదు. అక్కమ్మ పెరట్లో మొహం కడుక్కుంటూ ఉంది. ఆమె ఆనందమ్మకు అక్క, పెళ్ళికని వచ్చింది. తల్లి పోయాక ఆనందమ్మను పెంచింది ఆమే. ఆనందమ్మ జయరావును చేసుకుని అతనితోపాటు చర్చిలో చేరింది. అక్కమ్మ చంద్రగిరి పక్కన ఉన్న ఊళ్ళోనే, తన దేవుళ్ళతోనే ఉండిపోయింది. కొత్తగుడ్డ ఇంట్లోకి వస్తే నాలుగు మూలలా పసుపు పెట్టనిదే అక్కమ్మ ఎవరినీ కట్టుకోనిచ్చేది కాదు. ఆనందమ్మ చిన్నప్పుడు కట్టిన ప్రతి పావడాకూ ఆ చేయే పసుపు పెట్టింది. చర్చివాళ్ళకు పసుపు కూడదు. ఈ గుడ్డకు పెట్టొద్దని ముందుగా చెప్పాలని ఆనందమ్మకు తోచలేదు.

"పెట్టినావా అక్కా?" అంది.

"పెట్టకుండా ఎట్లా?" అంది అక్కమ్మ. "తెల్లారే లేచి పెట్టినాను. మూలలు యాడుండాయే దానికి? తిప్పి తిప్పి సూసినా ఒక్క మూలా కనపళ్ళేదు. చేతులకు రెండు, కిందికి రెండు పెట్టేసినాను. లెక్క సరిపోయింది."

ఆ గుడ్డ సంపాదించడానికి నెల పట్టింది. యుద్ధం రోజులు, బట్టకు కంట్రోలు. పెళ్ళికి గుడ్డ కావాలంటే తాలూకా ఆఫీసు పర్మిట్టు ఉండాలి. మిషను బడిలో పంతులైన జయరావు మూడుసార్లు తిరిగాడు. గుమాస్తా లగ్నపత్రిక అడిగాడు. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివినట్టు పాదిరి అయ్యగారు రాసిన చీటీని జయరావు బల్ల మీద పెట్టాడు.

"లగ్నం ఎన్ని గంటలకప్పా?" అన్నాడు గుమాస్తా.

"మాకు లగ్నం లేదండీ. పదకొండుకు పెళ్ళి."

"రాహుకాలమో ఏమో సూసుకోకుండానా?"

"బండి టైము సూసుకున్నాం."

గుమాస్తా నవ్వి సంతకానికి పంపాడు. సంతకం మరో వారానికి అయింది.

గుడ్డల అంగడి మునస్వామి పర్మిట్టు చదివి ఎర్రంచు చీరలు నాలుగు పరిచాడు. ఆనందమ్మ తెల్లగుడ్డ కావాలంది. అతను చీరలు మడిచి, పన్నెండు గజాల తెల్ల మల్లు తాను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గజం బద్దను కూడా ఆమె వైపు తోశాడు.

"ఏమీ అనుకోవద్దమ్మా. పెళ్ళికూతురికి తెల్లగుడ్డ నా చేత్తో కొలిచి ఇయ్యలేను. మీరే కొలుసుకోండి."

ఆనందమ్మ కొలిచింది. జ్ఞానమణి గుడ్డ రెండో కొస పట్టుకుంది. మునస్వామి వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.

జ్ఞానమణి ఆనందమ్మ కూతురు. పందొమ్మిదేళ్ళు. చీర చాలునని ఆ పిల్ల మొదటే చెప్పింది. గౌను కోరింది చిత్తూరులో ఉన్న మగపెళ్ళివారు. పెళ్ళికొడుకు దేవసహాయం మిలిటరీ ఆసుపత్రిలో కాంపౌండరు. అతని తల్లి సంతోషమ్మ తన పెద్దకోడలి పెళ్ళి ఫోటో పంపింది. అందులో గౌనుకు మెడ దాకా పట్టీ, మణికట్టు దాకా చేతులు, వెనక నేల మీద జీరాడే రెండు గజాల తోక ఉన్నాయి. టైలరు సుబ్బన్న అంతవరకు పోలీసుల నిక్కర్లు, చొక్కాలు కుట్టినవాడు. ఫోటోను వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది గౌనా, దోమతెరా మాస్టరు గారూ?" అన్నాడు జయరావుతో.

పన్నెండు గజాల్లో చేతులూ తోకా రెండూ రావని అతను లెక్కగట్టాడు. ఏదో ఒకటి వదులుకోమన్నాడు. జయరావు చిత్తూరుకు కార్డు రాశాడు. తోక లేకపోయినా ఫరవాలేదు, చేతులు మణికట్టు దాకా ఉండాలని సంతోషమ్మ జవాబు రాయించింది. నాలుగుసార్లు తొడిగి చూసి సుబ్బన్న శనివారం గౌను ఇచ్చాడు.

ఆరున్నరకు జ్ఞానమణి కుడిచేతి అంచున మరకకు బారుసబ్బు రుద్దింది. పసుపు ఎర్రగా తిరిగింది. అణా బిళ్ళంత ఉన్నది అరచేయంత అయింది. ఆనందమ్మ నిమ్మకాయ పిండింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపయింది కానీ పరుచుకున్నది పరుచుకున్నట్టే ఉంది.

చాకలి గురవమ్మను పిలిపించారు. ఆమె గుడ్డను ఎండకు ఎత్తి చూసింది.

"దీన్ని ఉతికితే పోదమ్మా. ఎండే తినాల. రెండు దినాలు ఆరేస్తే తినేస్తాది."

రెండు దినాలంటే బుధవారం. బుధవారం నుంచి ఉపవాస దినాలు. ఏప్రిల్ ఒకటిన ఈస్టరు వెళ్ళేదాకా ఆ సంఘంలో పెళ్ళిళ్ళు చేయరు. దేవసహాయం శుక్రవారం బండి ఎక్కాలి. ఎక్కడికి పంపుతారో అతనికీ తెలియదు. మళ్ళీ సెలవు ఎప్పుడిస్తారో అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

అక్కమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూస్తోంది. "పసుపు పెడితే పెండ్లి ఆగతాదా?" అని రెండుసార్లు అడిగింది.

ఎనిమిదింటికి సుబ్బన్న కత్తెర తీసుకుని వచ్చాడు. కింది అంచును రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాడు. చేతులు మడవడానికి వీలు కాలేదు. సబ్బు పెట్టిన మరక నాలుగంగుళాలు పైకి పాకింది. మోచేతి దగ్గర కత్తిరిస్తానన్నాడు.

"వాళ్ళు అడిగితే?" అంది జ్ఞానమణి.

"గుడ్డ చాల్లేదని చెప్దాం" అంది ఆనందమ్మ.

జయరావు గదిలోంచి బయటకు వెళ్ళిపోయాడు. సుబ్బన్న కత్తిరించాడు. రెండు చేతులూ సమంగా వచ్చాయి. తీసేసిన ముక్కలను ఆనందమ్మ పొయ్యిలో పెట్టింది.

మగపెళ్ళివారు ముందురోజు బండిలో వచ్చి బడి గదుల్లో దిగారు. తొమ్మిదిన్నరకు సంతోషమ్మ ముసుగు, బూట్లు తీసుకుని పెళ్ళికూతురిని ముస్తాబు చేయడానికి వచ్చింది. ముసుగు ఇంకా పెట్టెలోంచి తీయలేదు. ఆమె కన్ను మొదట గౌను చేతుల మీద పడింది.

"ఇదేంది వదినా, చేతులు ఇంతే ఉండాయే?"

"గుడ్డ చాల్లేదు వదినా."

"చాలతాదని కదా మాస్టరు కార్డు రాసినాడు. తోక వద్దన్నాము కదా."

సంతోషమ్మ జ్ఞానమణి మోచేయి పట్టుకుని అంచు తిప్పి చూసింది. దారం కొత్తది. వంగి కింది అంచు మడత తిరగేసింది. లోపల పసుపు కనబడింది. ఆమె మంచం మీద కూర్చుంది.

"మా అత్త ఒక్క పండగకి పసుపు పూసుకున్నందుకు ఆరు నెలలు చర్చిలో ప్రభువు బల్ల రొట్టె ఇయ్యకుండా వెనక బెంచీలో కూర్చోబెట్టినారు. నేను పక్కనే కూర్చునేదాన్ని" అంది. "నేను సూసి సూడనట్టు ఉండలేను వదినా. అయ్యగారిని పిలిపించండి."

పది గంటలకు అయ్యగారు సంఘం పెద్దలు ఇద్దరితో వచ్చారు. ఆయన అరవయ్యేళ్ళవాడు. జ్ఞానమణికి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. గౌను అంచు చూశాడు. పెళ్ళికి ముందు ఇంట్లో పాత ఆచారం ఏదైనా జరిగితే పెద్దలు అయిదుగురు కూర్చుని విచారించాలి, తేలేదాకా పెళ్ళి చేయకూడదు. అది ఆ సంఘం కట్టడి. అయిదుగురిలో ఇద్దరు పని మీద తడ ఊరికి వెళ్ళి ఉన్నారు.

అయ్యగారు కుర్చీ ఆనందమ్మ ఎదురుగా జరుపుకున్నాడు.

"అమ్మా, వంటింట్లో పనుల్లో ఉంటారు. చేతికి పసుపు ఉండి ఉంటుంది. గౌను మీద పొరపాటున తగిలిందా?"

ఆనందమ్మకు అర్థమయింది. అవునంటే చాలు. జయరావు వైపు చూసింది. జయరావు తలుపు రెక్క పట్టుకుని ఉన్నాడు. ఆమె నోరు తెరిచింది.

"తగల్లేదు సామీ" అంది గడపలోంచి అక్కమ్మ. "నేనే పెట్టినాను. మా చెల్లికి ఏమీ తెలవదు. ఆమె మీద వెయ్యద్దు. నేనే తెల్లారే లేచి, దండం పెట్టుకోని, నాలుగు చోట్లా పెట్టినాను. బిడ్డ చల్లగా ఉండాలని పెట్టినాను. తప్పయితే నా తప్పు."

ఆమె లేచి గదిలోకి వచ్చి ఆనందమ్మ ముందు నిలబడింది. అయ్యగారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నాడు.

పెద్దల్లో ఒకతను అడిగాడు. "చెల్లెలికి తెలియకపోతే చేతులు ఎవరు కత్తిరించినారు?"

అక్కమ్మ వెనక్కి తిరిగి చెల్లెలిని చూసింది.

"నేనే కత్తిరించమన్నాను" అంది ఆనందమ్మ.

"గుడ్డ చాల్లేదని మీరే చెప్పినారట."

"చెప్పినాను."

అప్పటికి దేవసహాయం బడి దగ్గర్నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మిలిటరీ యూనిఫారంలో ఉన్నాడు.

"అయ్యగారూ, నాకు గోనెపట్ట అయినా ఒకటే. శుక్రవారం నేను పోవాల" అన్నాడు.

"నాకు తెలుసు నాయనా" అన్నాడు అయ్యగారు. "పసుపు ఒక్కటే అయితే నా పూచీ మీద చేసేవాణ్ణి. ఇప్పుడు దాచిన మాట కూడా వచ్చింది. ఇది నా ఒక్కడి చేతిలో లేదు. తడకు తంతి ఇప్పిస్తాను. రేపు సాయంత్రంలోగా ఇద్దరూ వస్తే రాత్రికే పెళ్ళి చేస్తాను."

పదకొండు గంటలకు చర్చి గంట కొట్టలేదు. చర్చిలో కూర్చున్నవాళ్ళు పదకొండున్నర దాకా చూసి లేచారు. జ్ఞానమణి గౌను విప్పలేదు. సాయంత్రం దాకా అదే తొడుక్కుని మంచం మీద కూర్చుంది. అక్కమ్మ ఆ పిల్ల పక్కన కూర్చోబోయి, తన చేతులు చూసుకుని, కింద కూర్చుంది.

"నేను నోరు మూసుకోని ఉంటే అయిపోయేదా ఆనందా?" అంది.

"లేదులే అక్కా" అంది ఆనందమ్మ.

మంగళవారం పగలంతా దేవసహాయం స్టేషనులోనే ఉన్నాడు. గూడూరు వైపు నుంచి వచ్చిన ప్రతి బండీ చూశాడు. సాయంత్రం అయిదింటి బండిలో తడ నుంచి ఒక పెద్ద దిగాడు. రెండో ఆయన పులికాట్ సరస్సు మీద పడవలో ఉన్నాడని, తంతి ఆయనకు అందలేదని చెప్పాడు. ఆ రాత్రి పది దాకా నలుగురు పెద్దలు చర్చిలో కూర్చున్నారు. అయిదో మనిషి రాలేదు.

బుధవారం ఉపవాస దినాలు మొదలయ్యాయి. సంతోషమ్మ చిత్తూరు బండి ఎక్కింది. ఎక్కేముందు ముసుగు పెట్టెను ఆనందమ్మ చేతికిచ్చి, తిరిగి ఇవ్వక్కరలేదని మాత్రం అంది.

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు దేవసహాయం పెళ్ళి కాకుండానే గూడూరు బండి ఎక్కాడు. స్టేషనుకు వెళ్ళిన జయరావు ఏడు గంటలకు ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు.