ఎడమవైపు నీలి దేవదూత

నా పేరు లుడోవీకో. ఇటలీలో, ఫాయెంజా ఊళ్ళో పుట్టాను కాబట్టి కళ నా రక్తంలోనే ఉందని పదిహేడేళ్ళు గట్టిగా నమ్మాను. కళాచరిత్ర నోటి పరీక్షలో నాకెప్పుడూ పదికి తొమ్మిదే. మిగిలిన ఆ ఒక్క మార్కూ జాంబెల్లి మేడమ్ దేవుడికోసం అట్టిపెట్టిందని క్లాసులో చెప్పుకునేవాళ్ళం.

ఆ ఏడు మా ఇంట్లో ఉండి మా క్లాసులోనే చదువుకోవడానికి నెబ్రాస్కా నుంచి కెండ్రా అనే అమ్మాయి వచ్చింది. మొదటిరోజు భోజనాల దగ్గరే, "మీ వీధి చివర చర్చి ఏ కాలం నాటిది?" అని అడిగింది.

"అదీ తెలీదా? మీ అమెరికా బళ్ళలో అసలేం నేర్పుతారు?" అన్నాను.

"బొమ్మలు వెయ్యడం, బాకా ఊదడం, నాటకాలాడటం," అంది పాపం.

పొట్ట పట్టుకుని నవ్వాను. "చాల్లే, ముందు నోరు మూసుకుని తిను" అంది అమ్మ.

మా ఊళ్ళో వసంతంలో ఒక ఆదివారం పాత కట్టడాలన్నీ తెరిచి, చూడవచ్చినవాళ్ళకు బడిపిల్లల చేతే వివరాలు చెప్పిస్తారు. ఈసారి బాగా చెప్పినవాళ్ళు వచ్చే నెల మేయరు ముందు మాట్లాడతారని మేడమ్ ప్రకటించింది. ఇంకెవరు, నేనేనని ఊరంతా చాటుకున్నాను. అమ్మ చేత కొత్త కోటు కూడా కొనిపించాను.

ఆ ఆదివారం మా వీధి చివర చర్చిలో, పాత బొమ్మలున్న గోడకు వీపు పెట్టి నిలబడి, బట్టీపట్టిన పుస్తకంలోని నాలుగు పేజీలూ కామాలతో సహా అందుకున్నాను. "ఎడమవైపు దేవదూతను గమనించండి. ఆ నీలి అంగీ మడతల్లో ఎంత సొగసుందో!"

జనమంతా ఎడమవైపు తిరిగారు.

"ఏ అంగీ బాబూ?" అంది ముందున్న ముసలావిడ.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. పైన ఒక తల, కింద రెండు పాదాలు ఉన్నాయి. మధ్యలో అంతా బోడి గోడ. ఆ పుస్తకం రెండో ప్రపంచయుద్ధానికి ముందు, రంగు రాలకముందు రాసిందట.

"పక్క బొమ్మల్లో ఎరుపు నిక్షేపంలా ఉందిగా, నీలమే ఎందుకు రాలిపోయింది?" అని మళ్ళీ అడిగిందావిడ.

చిత్రకారుడు పుట్టిన ఏడు తెలుసు, పోయిన ఏడు తెలుసు, అతని మేనమామ ఊరు కూడా తెలుసు. ఇది మాత్రం తెలీదు.

వెనకనుంచి కెండ్రా వచ్చీరాని ఇటాలియన్‌లో అందుకుంది. "నేను చెప్పనా? మా బళ్ళో మేమూ గోడమీద ఇలాంటి బొమ్మ వేశాం. ఎరుపు తడి సున్నం మీద వేస్తే దాంతోపాటే గట్టిపడిపోద్ది. ఈ నీలం ఆరాక జిగురుతో పూస్తారు. జిగురు పోతే రంగూ పోద్ది. మాది ఏడాదికే రాలింది, వీళ్ళే నయం!"

జనం నవ్వుతూ ఆమె చుట్టూ మూగారు. నా మిగతా మూడు పేజీలూ గొంతులోనే ఉండిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు, మేయరు ముందు కెండ్రా మాట్లాడుతుందని మేడమ్ చెప్పింది.

"అన్యాయం మేడమ్! తనకు శతాబ్దాలే సరిగ్గా తెలీవు!"

"తెలీవు. అందుకే వచ్చిన దగ్గర్నుంచీ రోజుకొకటి అడుగుతూ నా ప్రాణం తీస్తోంది. మూడేళ్ళయింది, నువ్వు ఒక్క ప్రశ్నయినా అడిగావా లుడోవీకో? సరే, ఇప్పుడడుగు. ఆ గోడ గురించి నీకేం తెలుసుకోవాలనుంది?"

క్లాసంతా నావైపే చూస్తోంది. బుర్రంతా వెతికాను. ఆఖరికి ఒక ప్రశ్న దొరికింది.

"మేడమ్, అది పరీక్షలో వస్తుందా?"