జల్లెడ దాటిన నత్తలు

రాళ్లు కడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఎవరైనా నవ్వితే జల్లెడమ్మకు ఒళ్లు మండుతుంది. ఇరవై రెండేళ్లుగా మ్యూజియం వెనకగదిలో ఆమె చేస్తున్నది అదే మరి. క్వారీ నుంచి వచ్చిన రాతిముక్కల్ని బట్టల సోడా కలిపిన నీళ్లలో వారం పాటు నానబెట్టాలి. మెత్తబడ్డాక జల్లెళ్లలో పోసి కొళాయి కింద కడగాలి. మట్టి పోగా మిగిలిన గవ్వల్నీ గుల్లల్నీ కుంచెతో ఏరి పెట్టెల్లో సర్దాలి. పైన బియ్యం జల్లెడ, కింద రవ్వ జల్లెడ. ఆ పేర్లు ఆమె పెట్టినవే. ఆ రెండూ దాటిపోయింది ఉత్త మట్టి. పారబొయ్యడానికి చేతులు రాక దాన్ని మ్యూజియం పెరట్లో పూలకుండీలకు పోసేది. నా జల్లెడ దాటి చీమ కూడా పోదని ఆమె గొప్ప. ఆ మాట అనని రోజున ఆమెకు జ్వరం వచ్చిందని అర్థం.

ఆ రాళ్ల కథంతా వాటి మీద పరిశోధన చేసే ప్రొఫెసరుగారు చెప్పిందే. పాతిక కోట్ల ఏళ్ల కిందట అదంతా సముద్రం. గుల్లలూ పగడాలూ నత్తలూ కిక్కిరిసి, అడుగు పెట్టే సందు లేకుండా బతికాయి. తర్వాత అగ్నిపర్వతాలు పగబట్టినట్టు కక్కుతూనే ఉండిపోయాయి. నీళ్లు వేడెక్కాయి, ఊపిరికి గాలి కరువైంది. పది రకాల జీవుల్లో తొమ్మిది రకాలు తుడిచిపెట్టుకుపోయాయి. క్వారీ గోడలో ఆ కథ కళ్లకు కనబడుతుంది: కింద గుల్లల రాయి, పైన మళ్లీ గుల్లల రాయి, నడుమ మూరెడు నల్లరాయి. ఆ మూరెడులో ఏమీ లేదని, సముద్రం అన్నాళ్లూ ఖాళీగానే పడుందని ప్రొఫెసరుగారు లావుపాటి పుస్తకం రాశారు. ఆయన అలా రాయడానికి కారణం ఒక్కటే. నల్లరాయి కడిగిన ప్రతిసారీ జల్లెడమ్మ "ఏమీ లేదు సార్" అని చెప్పింది. పుస్తకం మొదటి పేజీలో ఆమెకు కృతజ్ఞతలు ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఆమె ప్లాస్టిక్ కవరు చుట్టి బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకుంది.

వచ్చే శుక్రవారం ప్రొఫెసరుగారి రిటైర్‌మెంటు. ఆ రోజే మ్యూజియంలో కొత్త గోడ తెరుస్తారు. కింది నుంచి పైదాకా అసలు రాళ్లూ అసలు గుల్లలే. నడుమ మాత్రం మూరెడు మేర నల్లరంగు, దాని పక్కన చిన్న పలక: ఇక్కడ సముద్రం ఖాళీ.

సరిగ్గా దానికి ముందు ఆదివారం వాన పడింది.

మ్యూజియం నుంచి తెచ్చుకున్న కుండీ ఒకటి ఆమె ఇంటి కిటికీలో ఉంది. వానకు మట్టి కొట్టుకుపోయి కింద పెట్టిన తెల్లపళ్లెంలో ఏవో నలుసులు మిగిలాయి. ఆమె తుడిచేయబోతుంటే భర్త ఆపాడు. ఆయన చేతిగడియారాలు బాగుచేస్తాడు. కంటికి బిగించుకునే భూతద్దం ఆయనకు ఒంట్లో భాగమే. ఆవగింజంత మరను వెతకడం ఆయన నిత్యకృత్యం, కళ్లెదుట ఉన్న చెప్పులు మాత్రం కనబడవు.

"ఇవి నలుసులు కావే. చుట్టలు తిరిగి ఉన్నాయి, మరలకు గాడి పెట్టినట్టు," అన్నాడాయన.

జల్లెడమ్మ చూసింది. నత్తలు. ఆవగింజలో సగం లేవు, కానీ చుట్లతో సహా నిఖార్సయిన నత్తలు. ఆ కుండీలో ఆమె పోసింది నల్లరాయి కడిగిన మట్టి.

విషయం విని భర్త గడ్డం గోక్కున్నాడు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, నాలుగు రోజులు ఓపిక పడితే ఆ ప్రొఫెసరు దండ వేయించుకుని ఇంటికెళ్లిపోతాడు కదా అన్నాడు.

"నాకు తెలుస్తుందిగా," అందామె.

తెలుస్తుందంటే తెలుస్తుంది గానీ, చెప్పడానికి నోరు పెగలాలి కదా. సోమవారం తేలు కుట్టిన దొంగలా తిరిగింది. మంగళవారం ప్రొఫెసరుగారు వీడ్కోలు ఉపన్యాసం కాగితం పట్టుకుని గదిలోకి వచ్చి, ఇందులో మీ గురించి కూడా రాశానమ్మా అని చదివి వినిపించారు. చీమ కూడా పోని జల్లెడ అని ఉంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ మనిషి ఆమెను ఏనాడూ పనిమనిషిలా చూడలేదు. ఆమె మాటను తన పుస్తకానికి పునాది చేసుకున్నాడు. రిటైరై వెళ్లిపోతున్న మనిషి కాళ్ల కింద ఆ పునాది లాగేయాలా?

బుధవారం పొద్దున నత్తల్ని అగ్గిపెట్టెలో వేసుకుని ఆయన ముందు పెట్టింది.

"నా తప్పు సార్. ఏమీ లేదన్నాను. ఉన్నాయి. కుండీల్లో పోశాను."

ప్రొఫెసరుగారు అగ్గిపెట్టెలోకి చాలాసేపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుండీల మాట నమ్మకూడదు, అందులో ఏ మట్టి ఏ రోజు కలిసిందో ఎవరు చెప్పగలరు అన్నారు. తర్వాత గట్టు మీది బకెట్ కేసి చూశారు. అందులో నల్లరాయి పోయిన వారం నుంచి నానుతోంది.

ఆయన స్టూలెక్కి, అల్మరా నెత్తిన దుమ్ములో పడున్న మూడో జల్లెడ దించారు. పిండి జల్లెడ. జల్లెడమ్మ దాని సంగతే మరిచిపోయింది.

"మీరు చేరిన కొత్తలో దీంతో కడుగుతానంటే వద్దన్నది ఎవరో గుర్తుందా?" అన్నారాయన. "కన్నాలు పూడిపోతున్నాయి, ఒక్కో రాయికి రోజంతా పడుతోంది, ఆ బురదలో ఏముంటుందిలే అన్నాను. తప్పు పంచుకుందాం. మొత్తం మీరే పట్టుకుపోతే ఎలా?"

ఇద్దరూ కొళాయి దగ్గర నిలబడ్డారు. నల్లనీళ్లు గంటసేపు పారాయి. జల్లెడ అడుగున చిటికెడు నలుసు మిగిలింది. ఆమె దాన్ని తెల్లపళ్లెంలోకి వంచింది, ఆయన మైక్రోస్కోపు కింద పెట్టారు. ఏమీ కనబడకపోతే బాగుండునని ఆమెకు ఒక క్షణం అనిపించింది. మరుక్షణం ఆ ఆశకు సిగ్గుపడింది.

"పదకొండు," అన్నారు ప్రొఫెసరుగారు. తలెత్తేసరికి ఆయన మొహం మతాబాలా వెలిగిపోతోంది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదమ్మా! పెద్దవన్నీ పోయాయి, అది నిజమే. కానీ ఇవి ఉన్నాయి. తిండి లేక, గాలి లేక, ఒళ్లు ఇంతకు కుదించుకుని కూర్చున్నాయి. పైరాతిలో మళ్లీ అంత సందడి ఎక్కడ నుంచి వచ్చిందా అని ఇరవై ఏళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను."

పుస్తకం మాటేమిటని ఆమె భయం భయంగా అడిగింది. ఇంకోటి రాస్తే పోలా అన్నారాయన. పోయిందనుకున్న చుట్టం గుమ్మంలో నిలబడితే, ముందు పెట్టిన తద్దినం గురించి ఎవరైనా బాధపడతారా?

శుక్రవారం నాటికి నల్లరంగు నడుమ ఆ పదకొండు నత్తల్నీ చుక్కల్లా అతికించారు. గడియారాలాయన వాటి ముందు భూతద్దాన్ని గొలుసుతో వేలాడదీశాడు. పలక మీద కొత్త మాట: ఇక్కడ దగ్గరికొచ్చి చూడండి. జనం నలభై అడుగుల గోడను వదిలేసి ఆ మూరెడు దగ్గరే తోసుకున్నారు. ప్రొఫెసరుగారు ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టి, సముద్రం ఖాళీ అని నేను రాసింది తప్పు, మేం సరిగ్గా జల్లించలేదు అని నిండు సభలో చెప్పేశారు. ఆ తప్పు పట్టుకున్నది ఈవిడేనంటూ జల్లెడమ్మను లేపి నిలబెట్టారు. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చప్పట్లలో అందరికన్నా గట్టివి ఎవరివో చెప్పనక్కర్లేదు. ఆయన ఆ హడావిడిలో చెప్పులు పోగొట్టుకున్నాడు కూడా.

సోమవారం జల్లెడమ్మ గది తలుపు తీయబోతే అది అప్పటికే తీసి ఉంది. రిటైరైన ప్రొఫెసరుగారు ఏప్రన్ కట్టుకుని, రెండో కొళాయి బార్లా తిప్పి, పిండి జల్లెడలో బురద కడుగుతున్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయారట, ఈ కొళాయి ఎలాగూ ఎవరికీ అక్కర్లేదు కదా అన్నారు.

ఆమె కొంగు బిగించి పక్కన నిలబడింది. ఒక నిమిషం చూసింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"నీళ్లు తగ్గించండి సార్," అంది. "చిన్నవి పోతాయి."