నాడి చూసే నిమిషం

గుండె మాత్ర వేసే ముందు నాడి చూడాలి. మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంటే ఆ పూటకి మాత్ర ఆపేస్తారు. మా వృద్ధాశ్రమంలో అదీ పద్ధతి. అందుకని రోజూ పొద్దున్నే నర్సమ్మ నా మంచం అంచున కూర్చుని, మణికట్టు పట్టుకుని, గడియారం వంక చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టేది.

ఆ నిమిషం నాది. కళ్ళు మూసుకుంటే చాలు, పోయిన మా ఆయన వచ్చేసేవారు. రోడ్డు దాటేటప్పుడు ఆయన ఏనాడూ నా వేళ్ళు పట్టుకోలేదు, మణికట్టే పట్టుకునేవారు, ఎక్కడ జారిపోతానో అని. మంచం పక్కనుంచే రోడ్డు పరుచుకునేది. బస్సులు చప్పుడు లేకుండా మబ్బుల్లా సాగిపోయేవి. సరిగ్గా నడిరోడ్డుకి వచ్చేసరికి నర్సమ్మ చెయ్యి వదిలేసేది. ఏం చేస్తాను, మర్నాటిదాకా ఆగేదాన్ని.

ఇంతలో నా ప్రాణానికి వేలికి తగిలించే మిషను ఒకటి దాపురించింది. బట్టల క్లిప్పులా ఉంటుంది. ఇలా పెడితే అలా అంకె చూపిస్తుంది. ఇక చెయ్యి పట్టుకునే పనేముంది? దాని మొహం మండ, ఒళ్ళు మండిపోయింది నాకు.

అయితే వేళ్ళు చల్లబడితే దానికి నోరు పెగలదు. ఆ సంగతి కనిపెట్టాక నేను ఊరుకుంటానా? నర్సమ్మ అడుగుల చప్పుడు వినగానే మంచినీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి, దుప్పటికి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు పడుకునేదాన్ని. మిషను నీళ్ళు నమిలేది. నర్సమ్మ మణికట్టు పట్టుకునేది.

నిన్న దొరికిపోయాను. దుప్పటి అంచు తడిగా తగిలింది ఆ అమ్మాయికి. గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. నా వేళ్ళని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా రుద్ది, క్లిప్పు పెట్టింది. అంకె వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది.

"నాకా నిమిషం కావాలమ్మా," అన్నాను సిగ్గు విడిచి.

నర్సమ్మ క్లిప్పు తీసి జేబులో వేసుకుంది. గడియారం వంక చూస్తూ మణికట్టు పట్టుకుంది. రోడ్డు పరుచుకుంది. మా ఆయనా నేనూ నడిరోడ్డుకి వచ్చాం. ఇదిగో, ఇప్పుడు వదిలేస్తుందని బిగుసుకుపోయాను.

"లెక్క తప్పాను మామ్మగారూ," అంది. "మళ్ళీ మొదట్నుంచి చూస్తాను. కదలకండి."

ఇన్నాళ్ళలో ఆ అమ్మాయి లెక్క తప్పింది లేదు. నేను కదల్లేదు. మేమిద్దరం అటువైపుకి చేరుకున్నాం. మా ఆయన ఫుట్‌పాత్ మీద నా భుజం ఆసరా చేసుకుని, చెప్పులో రాయి దులుపుకున్నారు.