సుబ్బరత్నమ్మ పొటాషియం

లక్ష్మీప్రియ ల్యాబు చదువు చదువుతోందని తెలిసినప్పుడు చుట్టాల్లో సగం మంది మూతి తిప్పారు. అంత పొలమున్న ఇంటి ఆడపిల్ల ఊళ్లోవాళ్ల మూత్రం సీసాలు పట్టుకోవడమేమిటని వాళ్ల బాధ. ప్రియకు మాత్రం ఆ బాధేమీ లేదు. కర్నూలులో కోర్సు ముగించి, పత్తికొండలో ఒక ల్యాబులో ట్రైనింగుకు చేరింది. రక్తం తీయడంలో నీకు చెయ్యి బాగా కుదిరిందని ఇన్‌ఛార్జి అయ్యన్న మెచ్చుకున్నాక ఇక కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆ మే నెలలో, ఇంటికెళ్లి రక్తం తీసుకురమ్మని ఆమెను మొదటిసారి ఒంటరిగా పంపారు. పక్క పల్లెలో సుబ్బరత్నమ్మ అని పెద్దావిడ. బీపీకి ఏళ్ల తరబడి మాత్రలు మింగుతోంది, ఈమధ్య కాళ్లలో సత్తువ లేదంటోంది. అలాంటి మాత్రల్లో కొన్ని ఒంట్లో పొటాషియం పెంచుతాయి కాబట్టి, వాటిని మార్చాలా వద్దా అన్నది రక్తంలో పొటాషియం ఎంతుందో చూసి చెబుతానన్నాడు కర్నూలు డాక్టరు. నరం దొరక్క ప్రియ రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. ఆవిడ పళ్లు బిగబట్టి ఓర్చుకుంది గానీ, ఇంకోసారి అంటే మాత్రం ఊరుకోనని చెప్పేసింది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈ వేడికి రక్తం చెడిపోతుందేమోనని ప్రియకు దిగులు పట్టుకుంది. దారిలో సోడా అంగడి దగ్గర ఆగి, ఐసు ముక్కలు అడిగి తీసుకుని, రక్తం గొట్టాన్ని వాటి మధ్య కప్పెట్టి మరీ తెచ్చింది. పురిటిబిడ్డను కూడా ఎవరూ అంత భద్రంగా తీసుకురారు.

ల్యాబులో గొట్టాన్ని గిర్రున తిప్పే మెషీనులో పెట్టి తీసింది. పైన తేలే నీరు లేత పసుపుగా ఉండాలి. ఎర్రగా ఉంది. ఐసు నేరుగా తగిలి రక్తకణాలు పగిలిపోయాయి. అవి పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ సంగతి ప్రియ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. రాసిన చేత్తోనే ఐసు కప్పింది మహాతల్లి. అంకె ఏడు దాటి కనబడేసరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అయ్యన్న తిట్టలేదు. శాంపిలు చెడిందని రిపోర్టులో రాసి పంపిద్దాం, ఈ అంకెను డాక్టరు ఎలాగూ పట్టించుకోడు, వచ్చేవారం తీరిగ్గా మళ్లీ తీయొచ్చులే అన్నాడు. వినడానికి ఎంతో హాయిగా ఉంది ఆ మాట. ప్రియ స్కూటీ తాళం చేతిలో పట్టుకుని వరండాలో నిలబడిపోయింది. వెళితే తప్పు తనదేనని చెప్పుకోవాలి, తిట్లు తినాలి. వెళ్లకపోతే అడిగేవాడు లేడు. కాళ్లలో సత్తువ లేదని ఆ పెద్దావిడ అన్న మాట ఒక్కటే మనసును కుదురుగా ఉండనివ్వలేదు. చివరికి తనను తానే తిట్టుకుంటూ బండి తీసింది.

సుబ్బరత్నమ్మ కోడలు శివలీల గడప దగ్గరే అడ్డం నిలబడింది. చేతకానివాళ్లను పంపి మా అత్త చేతికి తూట్లు పొడిపిస్తారా అని కడిగిపారేసింది. ప్రియ తల వంచుకుని అంతా విని, ఐసు సంగతి దాచకుండా చెప్పింది. లోపల మంచం మీది నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"నా రగతంలో ఏమన్నా చెడు ఉండాదా పాపా?"

"తెలీదు అవ్వా. నేనే చెడగొట్టినా గదా. మళ్లా తీస్తేనే తెలుస్తాది."

మంచం దగ్గరికి వచ్చిన ప్రియను ఆవిడ ఎగాదిగా చూసింది. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుని, రెండో చెయ్యి చాపింది. ఈసారి నరం ఒక్క పోటుకే దొరికింది.

ఐసు జోలికి పోకుండా తెచ్చిన ఆ రక్తంలో నీరు తేటగా, పసుపుగా తేలింది. హమ్మయ్య, ఇక మామూలు అంకె వస్తుందనుకుంది ప్రియ. ఆరున్నర వచ్చింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. ఐదు దాటితేనే జాగ్రత్తపడాల్సిన చోట ఆరున్నరంటే, గుండె ఏ క్షణానైనా ఆగిపోవచ్చు. అయ్యన్న ముఖం పాలిపోయింది. నేను వద్దన్నది ఈ పరీక్షనా అని గొణుక్కుంటూ డాక్టరుకు ఫోను కలిపాడు. ఆ మాత్రలు వెంటనే ఆపి, ఆవిడను ఉన్నపళంగా కర్నూలుకు తీసుకురమ్మన్నాడు డాక్టరు.

సుబ్బరత్నమ్మ ఇంటికి ఫోను చేసింది ప్రియే. శివలీల కంగారుగా కారు పిలిపించడానికి పరుగెత్తింది. ఫోను పెద్దావిడ అందుకుంది.

"నువ్వు మళ్లా రాకపోయింటే నేను ఆ మాత్రలే మింగుతాంటి గదా పాపా. దేవతలెక్క వచ్చినావు."

ఆ మెప్పు ప్రియకు మింగుడు పడలేదు. తిట్టినా ఇంత బాధపడేది కాదు.

"రాకూడదనే అనుకున్యా అవ్వా. బండి తాళం పట్టుకోని శానాసేపు అట్లనే నిలబడినా."

అవతల కారు వచ్చి ఆగిన చప్పుడు, శివలీల తొందరపెట్టడం వినిపించాయి.

"నిలబడితే నిలబడినావులే," అంది సుబ్బరత్నమ్మ. "వచ్చినావు గదా."

ఫోను కట్టయింది. ప్రియ దాన్ని బల్లమీద పెట్టి, అయ్యన్న చూస్తున్నాడన్నది కూడా పట్టించుకోకుండా ఏడ్చేసింది.